పదకొండు కిలోల బరువు

శిశుగృహం పెద్దమ్మగారికి,

పాప నాన్న నమస్కరించి రాసేది. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. గిడ్డంగిలో బస్తాలు తడవకుండా ఎత్తు మీదికి మార్చే పనిలో పడి జవాబు ఆలస్యమైంది.

మా ఆవిడ జబ్బుపడి, ఇంటి కప్పు కూలి, పాపను మీ దగ్గర వదిలి ఏడాది దాటింది. ఇప్పుడు ఆమె లేచి తిరుగుతోంది. కప్పు వేశాను. పాపను పంపమని అడిగితే, ‘బిడ్డ బరువు మోయగలరా?’ అని కాగితం పంపారు. నేను హమాలీని. రోజుకు ఎనభై బస్తాలు మోస్తాను. బస్తా యాభై కిలోలు. పాప, పోయిన నెల మీ తూకంలో, పదకొండు. మెట్లెక్కి కూడా మోస్తాను.

ఇట్లు,
హమాలీ

తా.క. ఒంటి చేత్తో.

*

హమాలీగారికి,

మీ జవాబు అందింది. ఆఫీసులో అందరూ చదివారు. మేమడిగింది ఆ బరువు కాదు. పిల్లకు తిండీ బట్టా, మందూ మాకూ చూసుకోగలరా అని. మీరిప్పుడు మీ కాళ్ళ మీద నిలబడ్డారో లేదో స్పష్టంగా రాయండి.

ఇట్లు,
పర్యవేక్షకురాలు

తా.క. పాప ముద్ద మింగకుండా బుగ్గన దాస్తుంది. అప్పుడేం చేస్తారు?

*

పెద్దమ్మగారికి,

పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నిలబడే ఉంటాను. కూర్చుంటే మేస్త్రీ ఊరుకోడు. నమ్మకం లేకపోతే ఆయన్నే అడగండి.

ఇట్లు,
హమాలీ

తా.క. అమ్మా, నేను పాప తల్లిని. ఈయనకు బస్తా తప్ప వేరే బరువు తెలీదు, ఏమీ అనుకోకండి. ఈయనకు రోజూ పని ఉంది. నేను ఇంట్లోనే గోనెసంచులు కుడుతున్నాను. తిండికి లోటు లేదు. ముద్ద దాచే అలవాటు వాళ్ళ నాన్నది. ఇద్దర్నీ ఒకేసారి తిడతాను. పోయిన నెల చూడ్డానికి వస్తే పాప నన్ను ‘అత్తా’ అంది. ఇంకో ఏడాది పోతే ‘ఎవరండీ’ అంటుంది. త్వరగా పంపండి.

*

హమాలీ దంపతులకు,

ఇంకా కొన్ని వివరాలు కావాలి. పాప ఎడమ పక్కకు తిరిగితేనే పడుకుంటుంది. మీ మంచం ఏ గోడకు ఉంది? తల చిక్కు తీస్తే ఏడుస్తుంది. ఎవరు తీస్తారు? వాన పడితే కిటికీ ఎక్కుతుంది. చువ్వలున్నాయా?

ఇట్లు,
పర్యవేక్షకురాలు

తా.క. ఎర్ర గిన్నెలో పెడితేనే తింటుంది. ఉందా?

*

పెద్దమ్మగారికి,

మంచం ఎటు కావాలంటే అటు జరుగుతుంది. అదీ నాలాగే కాళ్ళ మీద నిలబడి ఉంది. చిక్కు వాళ్ళమ్మ తీస్తుంది. చువ్వలు రెండున్నాయి, మూడోది ఆదివారం బిగిస్తాను. ఎర్ర గిన్నె లేదు. గిన్నె లేదని బిడ్డను ఆపుతారా? ఇంకేం కావాలో ఒక్కసారే అడగండి. ఇలాగే సాగితే పాప పెద్దదై తనే జవాబులు రాస్తుంది.

ఇట్లు,
హమాలీ

తా.క. ఎర్ర గిన్నె కొన్నాను.

*

పాప అమ్మానాన్నలకు,

ఫారంలో ఉన్న ప్రశ్న ఒక్కటే, బరువు సంగతి. పాప అమ్మగారి జవాబు అందిన రోజే సంతకం పెట్టాను. మంచం, చిక్కు, చువ్వలు, గిన్నె ఫారంలో లేవు. అవి నేను అడిగినవి. పదకొండు కిలోలే అయినా, దించడానికి నాకు మూడు వారాలు పట్టింది. తప్పు నాదే.

చూడ్డానికి వచ్చే ఆడవాళ్ళందరినీ ‘అత్తా’ అనమని ఇక్కడ పిల్లలకు నేర్పుతాం. అదీ మా తప్పే. వారం నుంచి పాపకు మీ ఫొటో చూపించి ‘అమ్మ’ అనిపిస్తున్నాం. బాగా వచ్చింది. పోస్ట్‌మన్‌ను కూడా అమ్మా అంటోంది. మీరు సర్దుకోవాలి.

మీరు గిన్నె కొన్నారు కాబట్టి ఇక్కడిది నేను ఉంచుకున్నాను.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. ఈ ఉత్తరం ఆయా చేతికివ్వడం మరిచిపోయాను. పోస్టులో వేస్తున్నాను. శనివారం ఉదయం ఏడుంపావు బస్సుకు పాప, ఆయా మీ ఊరికి బయల్దేరి వెళ్ళారు.