చివరి కాగితం నా దగ్గరే ఉంది

మంగళవారం

అద్దంకి నాటక పోటీలకు ఏ కంపెనీ స్పాట్‌లైట్ మంచిదో తేల్చమని మాస్టారు చెబితే, రెండు కంపెనీలవీ మూడు రోజులు వెలిగించి చూసి రాసుకున్నాను. "ఇలా ఇవ్వమ్మా, చూసిస్తా" అని సీనియర్ సురేష్ ఆ కాగితాలు తీసుకున్నాడు. ఇవాళ అందరి ముందూ తనే రాసినట్టు చదివాడు. "మొదటిదాని వెలుగు అంచున మీగడలా కరుగుతుంది" అన్న నా వాక్యంతో సహా!

"ఏం మాటన్నావురా!" అని మాస్టారు మురిసిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

కాంతి ఎక్కువని చివరికి రెండో కంపెనీదే ఖాయం చేశారు. అది మేకప్ మీద పడితే ముఖం బూడిద పూసినట్టుంటుంది. ఆ సంగతి రాసిన చివరి కాగితం నా పుస్తకంలోనే ఉండిపోయింది. నేను నోరు మెదపలేదు. రాజు వేషం సురేష్‌దే. రిహార్సల్స్‌లో మేము మేకప్ వేసుకోం కాబట్టి, పోటీ రోజు దాకా ఎవరికీ తెలియదు. బూడిద మహారాజు! ఈ మాట రాస్తుంటేనే ఎంత హాయిగా ఉందో.

కానీ రాణి వేషం మా హసీనాది. "ఏమే, ఆ లైటులో నా ముఖం బాగుంటుందా?" అని వచ్చేటప్పుడు అడిగింది. "ఆఁ" అన్నాను.

లైటు మార్చడానికి రేపొక్కరోజే ఉంది. చెబితే హసీనాతోపాటు వాడూ గట్టెక్కుతాడే...