నలభై కార్డులు, ఒకటే స్టాంపు

అక్కా,

క్షేమ సమాచారాలు తర్వాత, ముందు నా పరువు సంగతి విను. ఈస్టర్ కార్డుల్లో అందరికీ మనసారా రెండు మాటలు రాద్దామని కూర్చున్నాను. మూడో కార్డుకే చెయ్యి లాగింది. రబ్బరు స్టాంపులు చేసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? అచ్చం నా దస్తూరీతోనే స్టాంపు చేసి, 'ప్రభువు లేచాడు. ఈ రోజు అందరికంటే ముందు మీరే గుర్తొచ్చారు' అని నలభై కార్డుల మీద టపటపా కొట్టేశాను.

ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర పిన్ని మురిసిపోతూ తన కార్డు బయటికి తీసింది. అత్తయ్యా తీసింది. పాస్టరుగారూ తీశారు.

"ఇంతమందిమీ ఒకేసారి ముందు గుర్తొచ్చామా నాయనా?" అంది పిన్ని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీకొక్కదానికే కార్డు రాలేదని బావతో అన్నావట. స్టాంపు వేద్దామని మొదట తీసింది నీ కార్డే. అమ్మను సమాధి చేసిన రోజు నేను నిన్ను అన్న మాట గుర్తొచ్చి, దాని మీద స్టాంపు వేయలేకపోయాను. తప్పు నాదే అక్కా, క్షమించు.

నిజంగా అందరికంటే ముందు గుర్తొచ్చింది నువ్వే. ఈ మాట నేనంటే ఇక ఎవరూ నమ్మరు. అందుకే ఈ ఉత్తరంలో కొట్టివేతలు అలాగే ఉంచాను. స్టాంపు తప్పు రాసి కొట్టేయదు కదా.

నీ తమ్ముడు