ముప్ఫై రెండు గుడ్లు

మార్చి 14, గురువారం
మధ్యాహ్నం మూడు గంటలు

పూజ్యులైన మావయ్యగారికి మేనకోడలు నమస్కరించి వ్రాయు విన్నపం. ఇక్కడ అమ్మమ్మ, అమ్మ, నేను, వ్యాను, నలుగురమూ కులాసా. అక్కడ తమరి మోకాళ్ళు రెండూ కులాసా అని తలుస్తాను.

అమ్మయ్య, మర్యాద అయిపోయింది! ఈ నాలుగు ముక్కలూ అమ్మమ్మ పక్కన నిలబడి చెప్పి రాయించింది. వ్యాను సంగతి, మోకాళ్ళ సంగతి మాత్రం నేనే కలిపాను. ఆవిడ ఇప్పుడే స్టవ్ దగ్గరికి వెళ్ళింది కాబట్టి ఇక నా ఇష్టం. వంటింటి బల్ల దగ్గర, నీ కుంటి కుర్చీలో కూర్చుని రాస్తున్నాను.

మావయ్యా! అక్షరాలు కోడిగీతల్లా ఉంటే ఏమీ అనుకోకు, గుడ్ల వ్యాపారంలో ఉన్నదాన్ని. ఇవాళ నా డ్రైవింగు పరీక్ష అయింది. నెగ్గానా తప్పానా అన్నది ఇప్పుడే చెప్పను. నువ్వు ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు తిరగేసే మనిషివి కదా, అందుకని చివరా రాయలేదు. మధ్యలో ఎక్కడో దాచాను. బుద్ధిగా వరసన చదువుకో.

నువ్వు వెళ్ళి ఆరు నెలలు. పోలీసులు నా లైసెన్సు తీసుకున్న నాలుగో రోజే, మోకాళ్ళకి వైద్యమంటూ పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోయావు. రెండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. ఫోను చేస్తే పిన్ని తీసి, మావయ్య పడుకున్నాడే అంటుంది. పొద్దున్న పదింటికా? ముప్ఫై ఏళ్ళు తెల్లారకముందే లేచి గుడ్ల వ్యాను నడిపిన మనిషి పదింటికి పడుకుంటాడా? నేను నీ పరువు గంగలో కలిపానని, నా మొహం చూడలేక వెళ్ళావని అమ్మ అంటుంది. నేనేమనుకున్నానో తర్వాత చెప్తాను.

నువ్వు కోర్టుకి రాలేదు కాబట్టి అక్కడేం జరిగిందో చెప్పాలి. స్కూలు మలుపులో నలభై దాటకూడని చోట ఎనభై ఏడులో వెళ్ళాను. వెళ్తే వెళ్ళాను, పిల్లల్ని దింపుతున్న బస్సుని తప్పు పక్క నుంచి దాటాను. అటు వస్తున్న లెక్కల మాస్టారు సైకిలుతో సహా కాలవలోకి దిగిపోయారు. మోచెయ్యి గీరుకుపోయింది. నేను వ్యాను ఆపి, ఏం కాలేదుగా మాస్టారూ అన్నాను. ఆయన కళ్ళజోడు బురదలో వెతుక్కుంటున్నారు.

పోలీసు ఆ మలుపులో ఊరికే కూర్చోలేదు. పేరు పెట్టకుండా ఎవరో ఫిర్యాదు రాశారట. ఫలానా నీలం రంగు గుడ్ల వ్యాను, ఫలానా వేళకి, ఫలానా మలుపులో చూసుకోండి అని. వేగం కొలిచే మిషను పట్టుకుని నా కోసమే కాపు కాశాడు. ఆ రాసినవాడి నోట్లో మట్టి పడ, వాడి చేతులు విరగ అని అమ్మమ్మ నాలుగు నెలలు రోజూ కాఫీతో పాటు తిట్టింది. ఇప్పుడు నేనే నోరు నొక్కి ఆపుతున్నాను. ఎందుకో ఆవిడకి అర్థం కావడం లేదు.

మేజిస్ట్రేటు అమ్మగారు కేకలేమీ వెయ్యలేదు. నిదానంగా చెప్పారు. ఆరు నెలలు స్టీరింగు ముట్టుకోకూడదు. ఆ స్కూలు మలుపులోనే ఆగు అన్న బోర్డు పట్టుకుని రెండు పూటలా పిల్లల్ని దాటించాలి. ఆరు నెలలయ్యాక కొత్తగా పరీక్ష. అది తప్పితే ఇంకో మూడేళ్ళు లైసెన్సు ఊసెత్తకూడదు. మన యజమాని సంగతి నీకు తెలుసుగా, మూడేళ్ళు నీ కోసం వ్యాను ముస్తాబు చేసి ఉంచుతానా, తప్పిన మర్నాడే మా తోడల్లుడి చేతిలో తాళాలు పెడతాను అన్నాడు. నీ చేతి మీదుగా నాకొచ్చిన వ్యాను, ఆ తోడల్లుడికి!

బోర్డు పనికి నాకో నారింజరంగు కోటిచ్చారు. అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. మొదటి వారం సిగ్గుతో చచ్చాను. తెలిసిన డ్రైవర్లందరూ హారన్ కొట్టి, ఏం గుడ్లమ్మాయ్, బండి చిన్నదైపోయిందే అని వెక్కిరించడమే. రెండో వారం నుంచి మజా మొదలైంది. చెయ్యెత్తితే లారీలు ఆగుతాయి మావయ్యా! లెక్కల మాస్టారి కోసం రోజూ రోడ్డంతా ఆపేదాన్ని. పెళ్ళికొడుకులా దాటేవారు. నెల తర్వాత ఒకరోజు ఆగి, నలభై ఎక్కడ, ఎనభై ఏడెక్కడ, తీసివేత రాదా నీకు అన్నారు. అంతటితో రాజీ అయిపోయాం.

జనవరిలో ఒక పొద్దున, రెండు జడల పిల్ల నడిరోడ్డు మీద పెన్సిళ్ళ డబ్బా జారవిడిచింది. వంగి ఒక్కొక్కటే ఏరుకుంటోంది. మలుపులోంచి తెల్ల కారొకటి దూసుకొచ్చింది. నేను ఎగిరి పిల్లని లాగేశానని రాద్దామనుకున్నాను గానీ అబద్ధమెందుకు, భయంతో కాళ్ళు బిగుసుకుపోయాయి. పిల్లకీ కారుకీ మధ్య బోర్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. లోపల కుర్రాడు, నా ఈడువాడే, అద్దం దింపి నవ్వుతూ, ఏం కాలేదుగా అన్నాడు.

నా మాట మావయ్యా! పగిలిన గుడ్లతో ఇంటికొచ్చిన ప్రతిరోజూ, ఏమిటే ఈ నడపడం అని నువ్వు అడిగినప్పుడల్లా నేను నీ మొహాన కొట్టిన మాట అదే. వాణ్ణి కడిగేద్దామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. వాడు బెదిరిపోయి, దిగి నాకు మంచినీళ్ళిచ్చాడు. పిల్ల మాత్రం డబ్బా సర్దుకుని, నా రబ్బరు కనపడలేదు, మీ కాలి కింద ఉందేమో చూడండి అంది. ఉంది కూడా.

నీకు తెలిసిందే అయినా ఒకటి రాయాలి. దారిలో పగిలినవి డ్రైవరు ఇంటికి పట్టుకుపోవాలి, వాటి బదులు కొసరు ట్రేలోంచి తీసి దుకాణాలకి ఇవ్వాలి, అది మన కొట్టు ఆనవాయితీ. నీ కాలంలో కొసరు ట్రే వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చేదట. ఇంట్లో గుడ్డు తినాలంటే కొనుక్కునేవారట. నా హయాంలో మూడు పూటలా ఆమ్లెట్లే. ఉద్యోగమంటే ఇదీ అని అమ్మమ్మ మురిసిపోయింది. నువ్వు మాత్రం గిన్నె ముందేసుకుని, పగిలినవి ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టేవాడివి.

ఇక ఇవాళ్టి సంగతి! బదిలీ డ్రైవరు రాలేదట, యజమాని నాకిచ్చిన వ్యాను నిండా సరుకే. ఎనభై ట్రేలు. దింపే వ్యవధి లేదు. ఆయనే కొట్టు దగ్గర్నుంచి పరీక్ష మైదానం దాకా గొణుక్కుంటూ నడుపుకొచ్చాడు. పరీక్ష పెట్టే అధికారి మనిషి సన్నం, మీసాలు లావు. వెనక తలుపు తీసి, ఇవేంటమ్మా అన్నాడు. గుడ్లండీ అన్నాను. అది కనపడుతూనే ఉంది, పరీక్షకెందుకు తెచ్చావు అన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? మార్కులు వెయ్యడం మీకు తేలికవుతుందనండీ అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆయన ఒక ట్రే ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని, పద అన్నాడు.

ఎత్తు ఎక్కించాడు, వెనక్కి నడిపించాడు, గతుకుల్లో తిప్పాడు. బ్రేకుని తన్నకూడదే, బతిమాలాలి అని నువ్వు చెప్పినప్పుడు నవ్వేదాన్ని. ఇవాళ దారంతా బతిమాలుతూనే ఉన్నాను. చివర్లో ఉన్నట్టుండి, ఆపు అని అరిచాడు. అదీ పరీక్షలో భాగమేనట, ఒళ్ళో ముప్ఫై గుడ్లు పెట్టుకుని! నలభైలో ఉన్నాను కాబట్టి ఆగాను. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జారింది గానీ గుడ్డు జారలేదు. నిజం గుడ్లేనా అని అనుమానమొచ్చి ఒకదాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. చిట్లింది. ప్యాంటంతా సొన.

నెగ్గాను! నెగ్గాను మావయ్యా! ఆ తడి చేత్తోనే సంతకం పెట్టాడు. యజమాని ఎనభై ట్రేలూ ఒక్కొక్కటే చూసి, పగిలింది ఆ బొటనవేలి గుడ్డొక్కటే అని తేల్చుకుని, నా చేతిలో తాళాలు పడేశాడు. తాళాల కోసం అక్కడే కాచుకున్న తోడల్లుడు వచ్చిన దారినే పోయాడు.

ఆనవాయితీ ప్రకారం ఆ ఒక్కటీ ఇంటికి తెచ్చాను. వ్యాను చప్పుడు వినగానే అమ్మమ్మ ఉల్లిపాయలు తరిగేసి, పెద్ద గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. గిన్నెలో గుడ్డు పెట్టాను. మిగతావేవే అంది. ఇంతేనే అన్నాను. అయ్యో తల్లీ, ఉద్యోగం పోయిందా అని గుండె బాదుకుంది! నవ్వాపుకోలేక గడప మీద కూలబడ్డాను.

అమ్మ ఆఫీసు నుంచి వచ్చేలోగా ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యాలి. పిన్నికి నా నమస్కారాలు. నీ మోకాళ్ళకి కూడా.

ఇట్లు,
నువ్వు సుడిగాలి అని పిలిచిన,
ప్రస్తుతం నలభై మీద వీస్తున్న,
నీ మేనకోడలు

తా.క.: ఆ ఫిర్యాదు మేజిస్ట్రేటు అమ్మగారు కోర్టులో పైకి చదివారు. దస్తూరి తెలియకుండా టైపు చేయించావు, పేరు పెట్టలేదు, అన్నీ జాగ్రత్తలే. కానీ గత వారంలో ఈ అమ్మాయి ముప్ఫై రెండు గుడ్లు పగలగొట్టింది అని పోలీసులకి రాస్తారా ఎవరైనా? కోర్టంతా గొల్లున నవ్వింది, నేను తప్ప. ఆ లెక్క నీ గిన్నెలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. దాని కింద, చెప్తే వినదు, బతికుండగా ఆపండి అని ఉంది. నాలుగు నెలలు నీ మీద పళ్ళు నూరాను. అందుకే అమ్మమ్మ తిడుతుంటే ఆపలేదు, కన్నతల్లి చేతే నీ నోట్లో మట్టి కొట్టించాను. ఆ తెల్ల కారు ఆగిన రోజున కోపం పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పను. మోకాళ్ళ నాటకం ఇక చాలు. శనివారం సరుకు మీ ఊరికే. పది గంటలకి సంచి సర్దుకుని పిన్ని వాళ్ళ వీధి చివర నిలబడు. పదిన్నరైనా కంగారు పడకు, మావయ్యా. నలభైలో వస్తుంటాను.