వాగవతలి ఆబోతు

కస్టమ్సు ఆఫీసరు టియర్నీ గారికి,

గొడవల రోజుల్లో బ్రిటన్ సైనికులు మా సరిహద్దు వాగు మీది వంతెన పేల్చేసి నలభై ఏళ్లు దాటింది. అప్పుడు మీ డబ్లిన్ ఆఫీసుకు ఉత్తరం రాయిస్తే జవాబే లేదు. ఆ మంట నాకింకా ఆరలేదు. ఈసారి నేనే రాస్తున్నాను, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ఆ వంతెన మళ్లీ కట్టింది నేనూ, అవతలి ఒడ్డున, బ్రిటన్ వైపు ఉండే విల్బర్ట్ అచెసనూ. అతనిది వేరే చర్చి, వేరే జెండా. అంతకుముందు ఏళ్ల తరబడి మాకు మాటల్లేవు. అతని ఆబోతు నా ఆవుల దగ్గరికి రావడం మొదలయ్యాకే కలిశాం. మా దగ్గర శాంతి అంటే అదే.

మొన్న చర్చి హాల్లో మీరేమన్నారు? బ్రిటన్ యూరప్ యూనియన్‌ని వదిలేసింది, మనం అందులోనే ఉన్నాం కాబట్టి, అవతలి పశువు వాగు దాటాలంటే కాగితాలు కావాలేమో, ఇంకా తేలలేదన్నారు. అది విల్బర్ట్‌కి చెప్పాను.

"ఏరా ముసలోడా, మావాడు శోభనానికి పాస్‌పోర్టు తెచ్చుకోవాలా?" అని పగలబడి నవ్వాడు.

"నవ్వరా నవ్వు! దూడ పుట్టకపోతే పాలు నువ్విస్తావా?" అన్నాను.

అంతే, నవ్వు ఆపేశాడు. "చట్టం చట్టమేరా. తేలేదాకా పంపను, పో!" అన్నాడు. అప్పట్నుంచీ మళ్లీ మాటల్లేవు.

అవునో కాదో శుక్రవారంలోగా రాయండి. నా ఆవు శనివారానికి ఎదకొస్తుంది. ఆదివారం దేవుడి రోజని విల్బర్ట్ ఆబోతు చేత కూడా పని చేయించడు.