కాలి మీది అతుకు

మంగళవారం రాత్రి, లింబాయత్

నేను చెబుతున్నాను, మనవరాలు లావణ్య రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

చక్కెర జబ్బు పుండు మానక పాదం తీసేయాలన్నారు. ఆఖరి ప్రయత్నమంటూ ల్యాబులో పెంచిన చర్మం అతికించారు. మీసమైనా సరిగ్గా రాని ఆ గుజరాతీ డాక్టరు ఇవాళ మళ్ళీ గొప్పలు మొదలుపెట్టాడు. ఇదివరకటి చర్మాలు నెత్తురందక నల్లబడేవట. ఇందులో సన్నని రక్తనాళాలను కూడా వలలా పెంచారట. అవి నా కాలి నాళాలతో వాటంతటవే కలవాలట.

మగ్గం మీద పడుగు పోగులు అతికిన చేతులు నావి. పాత పోగు కొనకు కొత్త పోగు కొన చేర్చి మెలిపెడితే గాని అతకదు. నవ్వొచ్చి తెలుగులోనే అడిగాను.

"ఏందిరా, పోగులన్నీ మగ్గం మీద పడేసి, గవే అతుక్కుంటయని ఇంటికి పోతవా? గిట్ల చేస్తే మా కార్ఖానాల ఒక్క పూట ఉంచుకోరు."

లావణ్య హిందీలో సగమే చెప్పింది, పిరికిది.

"అంతే బా," అన్నాడు వాడు సిగ్గు లేకుండా, వాళ్ళ భాషలో అమ్మా అని పిలుస్తూ. "మేం దగ్గర పెట్టాం. అతుక్కోవడం మీ ఒంటి పని."

అంటే చెడితే తప్పు నా ఒంటిది! పైనున్న, లోపలిది కనిపించే పల్చని పట్టీ మీద నుంచే వేలితో నొక్కాడు. కొత్త చర్మం తెల్లబడింది. వేలు తీశాక మెల్లగా ఎర్రబడింది. శనివారం దాకా ఇలాగే నెత్తురు తిరిగొస్తే పాదం దక్కుతుందట. వేలితో నొక్కడానికి అంత చదువా!

"నానమ్మా, ఇంటికొచ్చినప్పటి సంది నొక్కుమంటనే ఉన్నవ్. డాక్టర్ మీద నమ్మకం లేదంటివి గద?"

"వాని మీద లేదే. జర కలం పక్కన పెట్టు. ఇంకోపారి నొక్కు."