ఫోటో తీయించిన మనిషి

మారికుప్పం,
12-8-1997.

ప్రియమైన అమ్మకు సెలీనా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేను, నీ అల్లుడు, పిల్లలు బాగున్నాము. హట్టిలో నువ్వు, తమ్ముడు అమృతరాజు, మరదలు కూడా బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం మరదలి చేత చదివించుకోకు. కళ్ళజోడు పెట్టుకుని, బైబిలు చదివినట్టు మెల్లగా నువ్వే చదువుకో.

ఇక్కడి బంగారం మైను మూసేస్తారా అని అడిగావు. ఇక్కడ రోజుకొకరు రోజుకొక మాట చెబుతున్నారు. ఎవరిని నమ్మాలో తెలియక నేను ఎవరినీ నమ్మడం మానేశాను. చిన్నవాడికి దగ్గు తగ్గింది. నువ్వు చెప్పిన మిరియాల కషాయం తాగమంటే ఇల్లంతా పరిగెత్తించాడు.

పాత కాగితాలు దాచడానికి కూడా ట్రైనింగా అని ఎగతాళి చేశావు. మన చర్చి వెనక గదిలో పాత రిజిస్టర్లు, ఉత్తరాలు, ఫోటోలు పెట్టి నన్ను చూసుకోమన్నారు కదా, అందుకే బెంగళూరుకు పంపారు. మూడు రోజులు తెల్లవారుజామున రైలెక్కి పోయి వచ్చాను. పాఠమంతా కాపీరైటు చట్టమే. ఉత్తరం నా చేతిలో ఉన్నా అందులోని రాత రాసినవాళ్ళదట. ఫోటో మన దగ్గర ఉన్నంత మాత్రాన మనది కాదట. అడిగి, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్ళదట.

కోలారు నుంచి వచ్చిన నాగేంద్రప్ప అనే గుమాస్తా లేచి, "మేడం, అట్లయితే నా పెండ్లి ఫోటోలు ఎవరివి?" అన్నాడు. ఎవరు తీయించారని పాఠం చెప్పే ఆవిడ అడిగింది. "మా మామ" అన్నాడు. "అయితే మీ మామగారివే" అంది. "అందుకేనేమో, పన్నెండేండ్లాయ, ఆల్బం ఇంగా వాళ్ళింట్లోనే ఉండాది" అన్నాడు. అందరం నవ్వాము. ఇంటికి వచ్చాక నవ్వడానికి లేకుండా పోయింది.

పోయిన ఉత్తరంలో నువ్వొక మాట అడిగావు. ఆ పాత కాగితాల పెట్టెల్లో నాయన ముఖం యాడన్నా ఉందేమో చూడమన్నావు. కళ్ళకు పొర కమ్ముతోందని, మనసులో కూడా ఆయన ముఖం చెదిరిపోతోందని రాశావు. అది చదివి చాలాసేపు ఏడ్చాను. మన ఇంట్లో నాయన ఫోటో ఒక్కటీ లేదని నాకు తెలుసు.

ఉంది అమ్మా. దొరికింది.

బజారులో స్టూడియో పెట్టుకున్న పద్మనాభ పోయాక, ఆయన కొడుకు పాత నెగెటివులన్నీ మా గదికి ఇచ్చాడు. మనవాళ్ళలో ఎవరు పోయినా పెట్టె మూయకముందు ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడి ఫోటో తీయించుకుంటారు కదా, సగం అవే. ఒకటి కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే మన మైను లైన్ ఇల్లు కనబడింది. పెట్టెలో నాయన. పక్కన నువ్వు, నీ ఒళ్ళో తమ్ముడు, ముందర నేను. ఆ మూడు రోజుల పాఠం వినకముందయితే ఎవరినీ అడగకుండా ప్రింటు వేయించి నీకు పంపేసేదాన్ని. చదువుకుని చెడ్డాను. తీయించింది ఎవరో చూద్దామని పద్మనాభ ఆర్డర్ పుస్తకం తెరిచాను. నీ పేరు లేదు. నాయన జతగాడు ఆరోగ్యస్వామి పేరు ఉంది.

నీకు కోపం వస్తుందని తెలుసు. తన నైటు షిఫ్టు మీ నాయన నెత్తిన వేసి తాను ఇంట్లో పడుకున్నాడని, వాడి గడప తొక్కినవాళ్ళు నా గడప తొక్కొద్దని ఇరవై ఏడేళ్ళుగా అంటున్నావు. నేను తొక్కాను. కాఫీ కూడా తాగాను.

"మామా, చట్టం ప్రకారం ఈ ఫోటో మీది. సంతకం పెడితే అమ్మకు ఒకటి పంపుతాను" అన్నాను.

"చట్టానికేం తెలుసు పాపా. మీయమ్మ ఆ పొద్దు ఒళ్ళు తెలీకుండా కూర్చోనుండె. రేపు చూసుకునేకి ముఖమన్నా ఉండల్లని పద్మనాభను నేనే పిల్చుకొచ్చినాను. ప్రింటు తెస్తే ఆయమ్మ తలుపేసింది. ఆయమ్మ వద్దన్నది నాదెట్లా అయితాది?"

"మరి ఇంగ ఎవరిది మామా?"

"నాకూ తెలీదు. ఆయమ్మ అడిగితే ఇస్తాను. నువ్వడిగితే ఈను."

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆయన దగ్గుతూ వాకిలి దాకా వచ్చి, "ఆ నాటకం సంగతి మాత్రం మీయమ్మకు చెప్పొద్దు. తొమ్మిదేండ్ల బిడ్డ మీద పడుతాదని ఇన్నేండ్లు నేనే ఓర్చుకున్నాను" అన్నాడు. ఆయనకు అంతా గుర్తుంది. నేను మరిచిపోయినట్టు నటిస్తూ బతికాను.

అమ్మా, ఆ శనివారం సాయంత్రం సండేస్కూలు నాటకంలో నాకు దేవదూత వేషం ఇచ్చారు. నువ్వు చూసి ఆశ్చర్యపోవాలని, ముందుగా నీకు చెప్పనని నాయన చేత ఒట్టు వేయించుకున్నాను. నాయనకు శనివారం సాయంత్రమే రెండో షిఫ్టు. నాయన రాకుంటే వేషం వేయనని ఏడ్చాను. ముందురోజు శుక్రవారం మన వాకిట్లోనే నాయన ఆరోగ్యస్వామి మామను అడిగాడు. "అన్నా, నా బిడ్డ నాటకం ఉండాది. ఈపొద్దు నీ నైటు నేను పోతాను, రేపు నా షిఫ్టు నువ్వు పో" అన్నాడు. తలుపు చాటున ఉండి విన్నాను. సంతోషంతో గెంతాను. ఆ రాత్రే మైనులో నాయన ఉన్నచోట రాయి పేలింది.

నువ్వు ఆయన్ని శపిస్తుంటే పక్కనే నిలబడి విన్నాను. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటు. ఎవరి వస్తువు ఎవరిదో తేల్చే పని నాకిచ్చారు. నాకేమో ఏదీ తేలడం లేదు. ఆయన చెప్పొద్దన్నాడు, నేను చెప్పేశాను. ఇది ఆయనకు మేలో కీడో కూడా తెలియడం లేదు. నీకేం చేశానో అంతకన్నా తెలియడం లేదు.

దీంతో పాటు ఒక ఖాళీ కవరు పెట్టాను. మీద ఆరోగ్యస్వామి మామ అడ్రసు రాసి, స్టాంపు అంటించాను. లోపల ఏం రాయాలో నీ ఇష్టం. ఏమీ రాయకపోయినా నిన్ను తప్పు పట్టను. ఇకమీదట తిట్టాలనిపిస్తే మాత్రం నా పేరు పెట్టి తిట్టు.

ఇట్లు,
నీ కూతురు
సెలీనా