ముందు బొమ్మకి, తర్వాత పెళ్ళికూతురికి

అల్ సద్, దోహా

జయకుమారి అత్తయ్యగారికి, మీ దగ్గర కుట్టు నేర్చుకున్న మేనకోడలు వందనాలతో రాసేది.

అమ్మకి ఇంకా చెప్పలేదు, ముందు మీకే తెలియాలి. నన్ను మా షాపులో కటింగ్ మాస్టర్ని చేశారు.

ఒక మేడమ్ తన కూతురి పెళ్ళికి ఒంటిమీద నీళ్ళలా జారే పట్టు గౌను అడిగింది. మా మాస్టరు సైలస్ రెండుసార్లు కుట్టినా అది గోనెసంచిలా నిలబడింది. అప్పుడు నేను మీలాగే చిన్న బొమ్మకి లైనింగు గుడ్డ మూల నుంచి మూలకి, ఐమూలగా చుట్టి, గుండుసూదులు పెట్టి చూశాను.

"డ్యూటీలో బొమ్మలాటలేంటమ్మా?" అన్నాడు సైలస్.

అక్కడ మామయ్యగారు కూడా మిమ్మల్ని అదే అనేవారు. ఐమూలగా కోస్తే గుడ్డ దండగని కూడా అనేవారు.

మేడమ్ ఆ బొమ్మని చూసి ఆగిపోయింది. వందేళ్ళ కిందట పారిస్‌లో మదలేన్ వియొనే అనే ఆవిడ ముందు కొయ్యబొమ్మకి చుట్టి చూసి, ఐమూలగా కోసి గౌన్లు కుట్టేదట. ఫోనులో ఫొటోలు చూపించింది. అత్తయ్యా, అచ్చం మీ చేతిపనే. గౌను నన్నే కోసి కుట్టమంది.

నిన్న పెళ్ళిలో ఆడవాళ్ళ హాల్లోకి నన్నూ పిలిచారు. పెళ్ళికూతురు ఎటు తిరిగితే గౌను అటు తిరిగింది. ఇవాళ సైలసే కత్తెర నా చేతిలో పెట్టి, "యల్లా మాస్టర్, మొదలుపెట్టు" అన్నాడు. యల్లా అంటే ఇక్కడి అరబ్బీలో 'కానివ్వు' అని.

ఒక్క కోరిక. అటకమీది మీ బొమ్మని, వచ్చే నెల ఇక్కడికొస్తున్న నా స్నేహితురాలు మోనికాతో పంపండి. మామయ్యగారు అడిగితే, బొమ్మకి దోహాలో ఉద్యోగం వచ్చిందని చెప్పండి.

మీ మేనకోడలు